వారానికి మూడు రోజులు

సోమవారం భోజనాల బెల్లు కొట్టాక కెలెరా స్టాఫ్ రూమ్‌లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తవియోకా దుంపల డబ్బా మూత కూడా తీయకుండా లాప్‌టాప్ తెరిచింది. తమ దీవిలోని రేవా నదిలో పూడికతీతకు ప్రభుత్వం తయారుచేసిన ముసాయిదా తెర మీదికి వచ్చింది. ఎడమవైపు ముసాయిదా, కుడివైపు అంచున క్లాసు వాళ్ళు రాసుకున్న నోట్లు. ఏదైనా వాక్యం మీద పసుపు గీత లాగి పక్కన నాలుగు మాటలు రాస్తే క్లాసులో ముప్ఫై ఒక్కమందికీ కనబడుతుంది. దాని కింద ఎవరైనా జవాబు రాయొచ్చు.

ముందు తన నోటు చూసుకుంది. నాలుగో పేజీలో, నది ఒడ్డు కోత గురించి రాసినది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రెండు గంటలు కూర్చుని రాసింది. ఐదు లింకులు ఇచ్చింది. రెండు విదేశీ పత్రికలవి, మూడు ప్రభుత్వ నివేదికలు. దాని కింద ఒక్క జవాబూ లేదు.

దానికి రెండు అంగుళాల కింద వదిన తోరికా నోటు ఉంది, వాళ్ళు కాయ్ అని పిలిచే, వండుకు తినే నది చిప్పల గురించి. "కాయ్ చిప్పల పిల్లలు నది అంతటా ఉంటాయి" అన్న ముసాయిదా వాక్యం మీద గీత గీసి రాసింది: "అంతటా ఉండవు. మా ఊరి పైన వంపు దగ్గర లోపలి ఒడ్డున మాత్రమే ఉంటాయి. ఇసుక కాలి వేళ్ళ మధ్య నుంచి పిండిలా జారిపోవాలి. గరుగ్గా తగిలితే అక్కడ పిల్లలు ఉండవు. ఆ వంపు తవ్వితే మాకు ఏడేళ్ళు చిప్ప దొరకదు."

లింకు లేదు, పుస్తకం పేరు లేదు. ఫోనులో టైపు చేసింది కాబట్టి కామాలు కూడా లేవు. కింద పదిహేడు జవాబులు. మొదటిది శలేష్ని మేడమ్‌దే. సువా కాలేజీలో ఈ దూరవిద్య కోర్సు నడిపేది ఆమె. ఏడేళ్ళు అని ఎలా చెప్పగలుగుతున్నారు, ఇంకొంచెం రాస్తారా అని అడిగింది. ఆ అడగడంలో ఒక మర్యాద ఉంది. కెలెరా ఆ మర్యాదను రెండుసార్లు చదువుకుంది. ఆరు నెలల్లో తనను మేడమ్ అడిగిన ప్రశ్న ఒక్కటే, వ్యాసం ఎప్పుడు పంపుతారని.

తోరికాను ఈ కోర్సులో చేర్పించింది కెలెరానే. ఫారం నింపింది తను, ఫోనులో ఖాతా తెరిచింది తను. పసుపు గీత ఎలా లాగాలో నౌసోరి మార్కెట్లో చిప్పల కుప్పల మధ్య కూర్చుని వేలు పట్టుకుని నేర్పింది కూడా తనే. కెలెరా తవియోకా డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. ఆకలి లేదనిపించింది.

సాయంత్రం బస్సు మారడానికి మార్కెట్ దగ్గర దిగక తప్పలేదు. తోరికా చాప మీద కాళ్ళు చాపుకుని, గోనెసంచిలోంచి చిప్పలు తీసి కుప్పలు పోస్తోంది. చచ్చి నోరు తెరిచిన చిప్ప కనిపిస్తే పక్కకు విసిరేస్తోంది. తోరికా కెలెరాకు మేనత్త కూతురు, ఏడేళ్ళు పెద్ద. వాళ్ళ ఊళ్ళో వదినా మరదళ్ళు ఒకరినొకరు ఎన్ని మాటలన్నా చెల్లుతుంది, కోపం తెచ్చుకుంటేనే తప్పు.

"రా మరదలా. మీ మేడమ్‌కి నిద్ర పట్టడం లేదు పాపం, నన్ను అడగందే ముద్ద దిగేలా లేదు," అంది తోరికా.

కెలెరా నవ్వింది. వదిన అదృష్టం అంది. పదిహేడు జవాబులు వచ్చాయట కదా అని కూడా అంది, లెక్క తనకు తెలియనట్టు.

"పందొమ్మిది," అంది తోరికా, ఒక పెద్ద చిప్పను కుప్ప కొసన నిలబెడుతూ. "ఇప్పుడే చూశా."

*

మంగళవారం శలేష్ని మేడమ్ క్లాసు మొత్తానికి ఒక పని చెప్పింది. ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు తీసుకునే గడువు శుక్రవారం మధ్యాహ్నం మూడింటితో అయిపోతుంది. అంచున ఉన్న నోట్లన్నిటినీ ఒక పట్టికగా చేర్చి కాలేజీ తరఫున పంపాలి. పట్టికలో మూడు గళ్ళు ఉండాలి: ముసాయిదాలో మాట, దాని మీద మన మాట, ఆధారం. మూడో గడి ఖాళీగా ఉన్న నోటును అవతల ప్రభుత్వం వాళ్ళు చూడరు, అందుకని పంపొద్దు అంది. కూర్పు బాధ్యత కెలెరాది. ఆమె టీచరు, పద్ధతి తెలిసిన మనిషి అని మేడమ్ రాసింది.

పద్ధతి తెలిసిన మనిషి అన్న మాట దగ్గర కెలెరా కాసేపు ఆగింది. బాగుందో బాగోలేదో తేల్చుకోలేకపోయింది.

ఆ మధ్యాహ్నం పిల్లలు ఆటల పీరియడ్‌కి వెళ్ళగానే పని మొదలుపెట్టింది. ఒక్కొక్క నోటూ తెరవడం, పట్టికలోకి ఎక్కించడం, లింకు నొక్కి పనిచేస్తోందో లేదో చూడడం. ఈ పని ఆమెకు బాగా వచ్చు. రెండేళ్ళుగా నదులు, చేపలు, తీరాల మీద కనిపించిన ప్రతి వ్యాసాన్నీ బుక్‌మార్క్ చేసి, ట్యాగులు తగిలించి, ఎవరైనా చూసుకునేలా ఒక పేజీలో దాచిపెట్టింది. నాలుగు వందల పన్నెండు లింకులు. ఆ పేజీని అనుసరిస్తున్నవాళ్ళు నలుగురు. అందులో ఒకటి తన రెండో ఖాతా.

తోరికా నోట్లు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటికీ మూడో గడి ఖాళీ.

ఫోన్ చేసి అడగొచ్చు. మార్కెట్లో కలిసినప్పుడు చెప్పొచ్చు. కెలెరా ఆ రెండూ చేయలేదు. తొమ్మిది నోట్ల కిందా, అందరికీ కనబడేలా, ఒకే ఒక్క మాట రాసింది: "ఆధారం?" తొమ్మిదోది రాసేటప్పటికి వేళ్ళకు హాయిగా ఉంది.

వాటిలో ఒకటి ఎనిమిదో పేజీలోది. ఆడవాళ్ళు వారానికి మూడు రోజులు మాత్రమే నదిలో దిగుతారని, మిగతా రోజుల్లో తవ్వితే వాళ్ళకు నష్టం ఉండదని ముసాయిదా రాసింది. తోరికా దాని పక్కన "మూడు కాదు ఆరు" అని మాత్రం రాసి వదిలేసింది. అక్కడ కెలెరా ఆధారం అడిగి ఊరుకోలేదు. ముసాయిదా ఈ మాటకు ఒక పాత పరిశోధనను చూపించిందని, దాన్ని కాదనాలంటే అంతకన్నా గట్టి రుజువు కావాలని రాసింది.

గంట తర్వాత మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. తోరికా రెండే మాటలు రాసింది: "నా కాళ్ళు."

దాని కింద నవ్వుల బొమ్మలు వరసకట్టాయి. లెవుకా నుంచి ఒకాయన, ఈ కోర్సులో ఇంతవరకు నేను చదివిన ఆధారాల్లో ఇదే మంచిది అని రాశాడు. సిగటోకా నుంచి ఒకామె చప్పట్ల బొమ్మ పెట్టింది. కెలెరా లాప్‌టాప్ మూసి పిల్లల నోటు పుస్తకాలు ముందు వేసుకుంది. ఎర్ర సిరా కలంతో దిద్దుతుంటే ఒకచోట కాగితం చిరిగింది.

*

ఆ మాటలు తోరికావి కావు అన్న అనుమానం బుధవారం పొద్దున్న బస్సులో పుట్టింది. ఇసుక పిండిలా జారడం, లోపలి ఒడ్డు, ఏడేళ్ళ లెక్క. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి ఇంత తీరుగా చెప్పడం ఎక్కడిది? ఎక్కడో చదివి ఉంటుంది. బహుశా తను దాచిన లింకుల్లోనే. పేజీ ఎలా తెరవాలో తనే కదా చూపించింది. ఈ ఆలోచన రాగానే కెలెరాకు రెండు రోజులుగా లేని తేలిక వచ్చింది. బస్సు కిటికీలోంచి వానజల్లు మీద పడుతున్నా టార్పాలిన్ తెర దించలేదు.

బడికి చేరగానే తన పేజీ తెరిచి "కాయ్" అన్న ట్యాగు నొక్కింది. ఇరవై ఆరు లింకులు వచ్చాయి. పదకొండోది ఒక పాత థీసిస్. ఇరవై మూడేళ్ళ కిందట విదేశాల నుంచి వచ్చిన ఒక విద్యార్థిని రాసింది: రేవా నదిలో చిప్పలు, స్త్రీల శ్రమ. తొంభై పేజీలు. ముసాయిదా ఎనిమిదో పేజీలో చూపించిన పరిశోధన కూడా ఇదే. రెండేళ్ళ కిందట కెలెరా దానికి నాలుగు ట్యాగులు పెట్టి, "చాలా ముఖ్యం" అని రాసి దాచింది. తెరిచి చదవలేదు.

పిండి అన్న మాట పెట్టి వెతికింది. యాభై మూడో పేజీ. "చిన్న చిప్పలు వంపు లోపలి ఒడ్డున ఉంటాయి. అక్కడ ఇసుక కాలి వేళ్ళ మధ్య నుంచి పిండిలా జారుతుంది."

కెలెరా కుర్చీలో వెనక్కి వాలింది. చెవులు వేడెక్కాయి. ఎంతోకాలంగా పోయిందనుకున్న వస్తువు పక్కింటి అరుగు మీద కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మరో ఆలోచన రాకముందే తోరికా నోటు కింద రాసేసింది: "ఈ వాక్యాలు ఈ థీసిస్ నుంచి తీసుకున్నవి. పేజీ 53. మూలం చెప్పకుండా సొంత మాటల్లా రాయడం తగదు." కింద లింకు పెట్టింది.

ఆ రోజంతా దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. నవ్వుల బొమ్మలు ఆగిపోయాయి. సాయంత్రానికి ముగ్గురు, నాలుగు రోజుల కింద తోరికాకు రాసిన మెచ్చుకోళ్ళను తీసేశారు. తను రాసినవి పోగా పందొమ్మిది పదహారైంది. కెలెరా పేజీని మళ్ళీ తెరిచి ఆ అంకె చూసింది, మళ్ళీ చూసింది.

శలేష్ని మేడమ్ కెలెరాకు విడిగా రాసింది. ఇది చిన్న మాట కాదు, ఇంకా ఎక్కడెక్కడ కలుస్తోందో పేజీ నంబర్లతో సహా రేపటికి ఇవ్వండి అంది. తోరికాకు అందరి ముందే రాసింది: రేపు సాయంత్రం ఆరు లోపల జవాబు చెప్పాలి, లేకపోతే మీ నోట్లు పట్టికలోకి రావు.

మార్కెట్ దగ్గర బస్సు మారేటప్పుడు కెలెరా అటువైపు చూడకూడదనుకుంది. కానీ తోరికా చూసింది. పిలవలేదు. ఎదురుగా బేరమాడుతున్న మనిషికి చిప్పలు సంచిలో పోసి ఇస్తూ, కెలెరా నిలబడ్డ చోట స్తంభం తప్ప మరేమీ లేనట్టు చూసింది.

*

గురువారం మధ్యాహ్నం కెలెరా థీసిస్‌ను మొదటిసారి వరసగా చదవడం మొదలుపెట్టింది. మేడమ్ అడిగిన జాబితా కోసం. ఒక పక్క తోరికా నోట్లు, ఒక పక్క థీసిస్. ముప్ఫై ఎనిమిదో పేజీ: వాన తర్వాత మూడో రోజు నీళ్ళు తేటపడేదాకా దిగకూడదు. తోరికా అదే రాసింది. నలభై నాలుగు: ఆడవాళ్ళు సోమ, బుధ, శుక్రవారాల్లో మాత్రమే నదికి వెళ్తారు. ఇది తోరికా రాసినదానికి వ్యతిరేకం. నలభై తొమ్మిది: నోరు తెరిచిన చిప్పను నదిలోనే వదిలేయాలి. అరవై రెండు: తవ్విన చోట చిప్ప మళ్ళీ పట్టడానికి ఏడేళ్ళు.

ఒక్కొక్కటి పట్టికలో ఎక్కిస్తూ పోయింది. డెబ్భై ఒకటో పేజీలో అధ్యాయం అయిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఒక పాదసూచిక ఉంది. ఆమె కళ్ళు అలవాటుగా దాన్ని దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"ఈ అధ్యాయంలోని వివరాలన్నీ వునివుతు గ్రామానికి చెందిన తోరికా (22) చెప్పినవి. మూడు నెలలు నన్ను తన వెంట నదిలోకి తీసుకెళ్ళింది. భాషలో కొన్ని పోలికలు కూడా ఆమెవే."

స్టాఫ్ రూమ్‌లో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో టీ కాచుకుంటున్నారు. నిమ్మాకు వాసన వస్తోంది. కెలెరా జాబితా వైపు చూసింది. దొంగతనం రుజువు చేయడానికి కూర్చి పెట్టిన పదకొండు వరసలు. పదకొండింట్లోనూ రెండు పక్కలా ఉన్నది తోరికా మాటే.

తొంభై పేజీల థీసిస్‌ను ఎవరు తెరుస్తారు? రెండేళ్ళు తనే తెరవలేదు. ఆరు గంటలయ్యేదాకా ఊరుకుంటే చాలు. పద్ధతి ప్రకారమే అంతా జరిగిపోతుంది, తన వేలు కూడా కదపనక్కర్లేదు. ఆ ఆలోచన తన బుర్రలో అంత ప్రశాంతంగా కూర్చోవడం చూసి కెలెరాకు భయమేసింది. ఫోను సంచిలో వేసుకుని, హెడ్ మాస్టర్‌కి ఒంట్లో బాగోలేదని చెప్పి బయటికి వచ్చింది.

వునివుతు దగ్గర దిగేసరికి ఆటుకు నదిలో నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. ఆడవాళ్ళు అయిదారుగురు నడుంలోతు నీళ్ళలో చెదురుగా ఉన్నారు. అందరికన్నా దూరంగా తోరికా. కాళ్ళతో అడుగు తడుముతూ, చిప్ప తగిలినచోట ఒక్కసారి మునిగి, చేతిలో రెండు మూడు చిప్పలతో లేస్తోంది. నడుముకు కట్టిన తాడు చివర పాత టైరు ట్యూబు తేలుతోంది. దానిలో బేసిను. చిప్పలు బేసినులో పడ్డప్పుడు చప్పుడు ఒడ్డుదాకా వినబడుతోంది.

కెలెరా ఒడ్డున నిలబడి పిలిచింది. తోరికా వినిపించుకోలేదు. మళ్ళీ పిలిచింది. మిగతా ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. కెలెరా చెప్పులు విప్పి, బడికి నడుముకు చుట్టుకొచ్చిన సులు గుడ్డ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి నీళ్ళలోకి దిగింది. నాలుగడుగులు వేసేసరికి సులు ఎలాగూ తడిసిపోయింది.

"దొంగ దగ్గరికి వచ్చావేం టీచరమ్మా?" అంది తోరికా, ఆమె వైపు తిరగకుండానే. "నా బేసినులో ఎవరి చిప్పలున్నాయో లెక్క చూసుకుంటావా?"

"నువ్వా లింకు తెరిచావా వదినా?"

"తెరిస్తే ఫోను ఆగిపోయింది. తొంభై పేజీలంట. నన్ను దొంగ అనడానికి తొంభై పేజీలు కావాల్సి వచ్చిందా నీకు?"

కెలెరా ఫోను తీసి పాదసూచిక చదివింది. నీళ్ళలో నిలబడి, గొంతు పెంచకుండా చదివింది. తోరికా వింటూ చేతిలో చిప్పలను ఒకదానితో ఒకటి రాపాడిస్తూ ఉండిపోయింది. వయసు ఇరవై రెండు అన్నచోట ఆ చప్పుడు ఆగింది.

"ఎర్రజుట్టు పిల్ల. మా అమ్మ దానికి రోజూ రౌరౌ ఆకుకూర వండి పెట్టేది, కొబ్బరిపాలు పోసి," అంది తోరికా మెల్లగా. "పుస్తకంలో రాసుకుపోయిందని తెలుసు. అచ్చయిందని ఎవరూ చెప్పలేదు. ఇంకా ఏం రాసింది?"

కెలెరా చెప్పింది. వాన తర్వాత మూడో రోజు, నోరు తెరిచిన చిప్ప, ఏడేళ్ళు. ప్రతిదానికీ తోరికా తలూపింది. సోమ, బుధ, శుక్రవారాల మాట వచ్చేసరికి తల ఊపడం ఆపేసింది.

"అది కూడా రాసిందా?"

"అదే ముసాయిదాలోకి వచ్చింది. మూడు రోజుల లెక్క దాన్లోంచే."

తోరికా పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగింది. ఆమె ట్యూబును దగ్గరికి లాక్కుని దాని మీద మోచేతులు ఆనించింది. తర్వాత చెప్పింది. ఆ పిల్ల పాస్టరు గారింట్లో ఉండేది, అవతలి ఊళ్ళో. రోజూ వచ్చి వెంటపడేది. నీళ్ళలోనూ ప్రశ్నలే, ఒడ్డునా ప్రశ్నలే. ఒక పాట పాడుకోవడానికి లేదు, మొగుళ్ళ మీద చాడీ చెప్పుకోవడానికి లేదు. అందుకని మంగళ, గురు, శనివారాల్లో మేము దిగం, నదికి విశ్రాంతి ఇస్తామని చెప్పింది. ఆ పిల్ల నమ్మింది. ఆ మూడు రోజులూ హాయిగా గడిచేవి.

"అబద్ధం అప్పుడు మాకు బాగానే పనికొచ్చింది," అంది తోరికా. "ఇప్పుడు వాళ్ళకు పనికొస్తోంది."

తోరికా బేసినులోని చిప్పలను అటూ ఇటూ కదిపింది.

"ఇప్పుడు నిజం చెబితే ఏమంటారు? ఒకటి అబద్ధం చెప్పిన మనిషి ఇసుక గురించి చెప్పింది మాత్రం నిజమని ఏమిటి నమ్మకం అంటారు."

ఆ మాట తోరికా అనకముందే కెలెరాకు తోచింది. తోచినప్పుడు, నదిలో నడుంలోతున నిలబడి కూడా, లోపలెక్కడో కొంచెం చల్లగా అనిపించింది. వదిన నిజం చెప్పినా పడిపోతుంది, చెప్పకపోయినా పడిపోతుంది. అది తన ముఖంలో కనబడిందేమోనని కెలెరా తల వంచుకుంది.

"అంటారు," అంది.

"ముందు నువ్వే అంటావు."

పారే నీళ్ళు వాళ్ళిద్దరి మధ్య నుంచి సులు అంచులను ఒకే వైపు లాగుతున్నాయి. కాసేపటికి తోరికా తడిచేతులు విదిలించుకుని, చెయ్యి చాచింది.

"ఆ ఫోను ఇటియ్యి. నాది ఒడ్డున ఉంది."

కెలెరా ఫోనులోనే తన ఖాతా తెరిపించుకుని రాసింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పెదవులు కదుపుతూ రాసింది. కెలెరా పక్కన నిలబడి చూస్తూనే ఉంది. రెండు చోట్ల స్పెల్లింగు తప్పు పోయింది. చెప్పడానికి నోరు తెరిచి, మూసుకుంది.

ఎనిమిదో పేజీ అంచున తోరికా రాసింది ఇది: "వారానికి మూడు రోజులు అని ఆ అమ్మాయికి చెప్పింది నేనే. అది అబద్ధం. మా వెంట పడకుండా ఉంటుందని చెప్పాను. ఆదివారం తప్ప మేము రోజూ దిగుతాం. ఇసుక గురించి చెప్పింది నిజం. నమ్మనివాళ్ళు సోమవారం పొద్దున్న నీళ్ళు తీసినప్పుడు వచ్చి చూడండి. చెప్పులు వేసుకుని రావద్దు."

ఫోను తిరిగి ఇచ్చేసి మునిగింది. కెలెరా ఒడ్డుకు వచ్చి, తడి సులుతోనే గట్టు మీద కూర్చుని, తన నింద కింద ఒక వరస కలిపింది: "పేజీ 71 చూడండి. నేను అన్నది తప్పు." అప్పటికి ఆరు కావడానికి ఇరవై నిమిషాలుంది. కాళ్ళ వేళ్ళ మధ్య ఇసుక ఇంకా ఉంది. దులుపుకుంది.

*

శుక్రవారం పొద్దున్నకి ఎనిమిదో పేజీలో తోరికా నోటు కింద ఇరవై రెండు జవాబులు ఉన్నాయి. సోమవారం వస్తామని సువా నుంచి నలుగురు రాశారు. లెవుకా ఆయన, పరిశోధకులకు చెప్పిన అబద్ధాలన్నీ పోగేస్తే మా దీవి చరిత్ర అయిపోతుందని రాశాడు. అబద్ధం చెప్పానని ఒప్పుకున్నా ఆమెకు మెప్పే, అనుకుంది కెలెరా. తను ఒప్పుకున్న తప్పు కింద ఎవరూ ఏమీ రాయలేదు. తొమ్మిది నోట్లకూ మూడో గడిలో "తోరికా, వునివుతు" అని ఎక్కించి, పట్టిక మేడమ్‌కి పంపేసింది.

పదకొండు గంటలకు మేడమ్ అందరికీ రాసింది. పట్టికతో పాటు వెళ్ళే ఉత్తరం కూడా జతచేసింది. కెలెరా దాన్ని తరగతి గది గుమ్మంలో నిలబడి ఫోనులో చదివింది.

"ముసాయిదాలోని మూడు రోజుల లెక్క తప్పని మా విద్యార్థిని కెలెరా పరిశోధనలో తేలింది. ఆమె ఓపికగా మూలగ్రంథం దాకా వెళ్ళి, తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టింది. అప్పట్లో పొరపాటు సమాచారం ఇచ్చిన గ్రామస్థురాలు ఒకరు ఇప్పుడు దాన్ని సరిదిద్దారు." కింద క్లాసుకు విడిగా ఒక మాట: "అంచున రాయడం అంటే ఏమిటో కెలెరా మనందరికీ చూపించింది. మూడింటికి పంపుతున్నాను."

దాని కింద అప్పటికే అభినందనలు మొదలయ్యాయి. ఆరు. ఎనిమిది. సిగటోకా ఆమె చప్పట్లు కొట్టింది.

లోపల అయిదో తరగతి పిల్లలు భిన్నాల లెక్క కోసం ఎదురు చూస్తున్నారు. కెలెరా ఫోను బల్ల సొరుగులో పెట్టి, సుద్దముక్క తీసుకుంది. ఆ పీరియడ్ నలభై నిమిషాలు. అంతసేపూ ఆమె ఆ ఉత్తరాన్ని తనదిగానే ఉంచుకుంది. బోర్డు మీద గుండ్రంగా రొట్టె బొమ్మ గీసి ఎనిమిది ముక్కలు చేసింది. వెనక బెంచీ అమ్మాయి తప్పు చెప్పినా విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. గొంతు తనకే కొత్తగా, నిండుగా వినిపించింది. మధ్యలో ఒకసారి సొరుగు తెరిచి చూసింది. పన్నెండు. మా విద్యార్థిని కెలెరా పరిశోధనలో, అని లోపల ఒకసారి అనుకుంది. గ్రామస్థురాలు ఒకరు, అని కూడా అనుకోవాల్సి వచ్చింది. ఆ రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయడానికి లేదు.

బెల్లు కొట్టింది. పిల్లలు బయటికి పరుగెత్తారు. కెలెరా చేతులకున్న సుద్ద కూడా కడుక్కోలేదు. మేడమ్‌కి విడిగా రాద్దామని మొదలుపెట్టి, అది చెరిపేసి, అందరికీ కనబడే చోటే రాసింది.

"ఉత్తరంలో నా పేరు తీసేయండి. నేను మూలం వెతికింది తప్పు దిద్దడానికి కాదు, తోరికా దొంగ అని చూపించడానికి. ఆమె నోట్లకు ఇంతమంది జవాబులు రాస్తుంటే చూడలేకపోయాను. గ్రామస్థురాలు అన్నచోట తోరికా అని రాయండి. ఆమె ఈ కోర్సు విద్యార్థిని. థీసిస్‌లో మంచి మాటలన్నీ కూడా ఆమెవే."

పంపాక తెర మీద సుద్ద మరకలు కనబడ్డాయి. సులు అంచుతో తుడిచింది.

రెండున్నరకు మేడమ్ జవాబు వచ్చింది: "మార్చాను." మూడు కావస్తుండగా ఇంకొకటి: "పంపాను." అంతకుమించి ఆమె ఏమీ రాయలేదు. క్లాసులో ఎవరూ ఏమీ రాయలేదు. అభినందనలు పన్నెండు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే తగ్గాయి.

సాయంత్రం మార్కెట్ దగ్గర బస్సు దిగింది. శుక్రవారం రద్దీ. తోరికా చాప మీద చిప్పలు సగానికి పైగా అయిపోయాయి. కెలెరా చాప ముందు ఆగింది. ఏం అనాలో తెలియక సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"చదివాను," అంది తోరికా, కుప్పలు సవరిస్తూ. "నీ నోటుకి ఎంతమంది జవాబు రాశారు?"

"ఒక్కరూ రాయలేదు వదినా."

"నేను రాద్దామనుకున్నా. చూడలేకపోయాను అన్నావు చూడు, అక్కడ పసుపు గీత కూడా లాగా. తర్వాత తీసేశా."

"ఎందుకని?"

"నేను రాస్తే నా వెనక అందరూ రాస్తారు కదా మరదలా. నాకు ఇరవై రెండు వచ్చాయి. నీకు ఇరవై మూడొస్తే నేను మాత్రం చూడగలనా?"

ఆ మాట అని తోరికా పక్కకు జరిగింది, చాప మీద మనిషి కూర్చునేంత చోటు వదిలి. కెలెరా కూర్చుంది. నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. కానీ ఇరవై రెండు అన్న మాట దగ్గర లోపల ఎక్కడో మళ్ళీ కలుక్కుమంది. దాన్ని ఎవరికీ చెప్పకుండా ఉంచుకుని, నోరు తెరిచిన చిప్పలు ఏరడం మొదలుపెట్టింది.